సదరు కుడిచేయి

పాత వస్తువు పనికిరాదని రుజువైతే తప్ప కొత్త వస్తువు కొనకూడదని మా శాఖలో ఒక నియమం ఉంది. చాలా మంచి నియమం. దాని పుణ్యమా అని మా ఆఫీసులో మూడు కాళ్ల కుర్చీ ఒకటి పదకొండేళ్లుగా గోడకు ఆనుకుని ఉద్యోగం చేస్తోంది. మిగిలిన మూడు కాళ్లూ విరిగితే తప్ప అది పనికిరాదని రాయడానికి వీల్లేదు.

నా పేరు సాంబయ్య. ప్రభుత్వ భవనాల కరెంటు పనులు చూసే శాఖలో సీనియర్ అసిస్టెంటును. కోనంపేట పెద్దాసుపత్రి మా పరిధిలోదే. అక్కడ స్విచ్చి పాడైనా, ఫ్యాను ఆగినా, దానికి సంబంధించిన కాగితం నా బల్ల మీదుగా వెళ్లాల్సిందే. కాగితాల్లో గళ్లు నింపడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరే ఈ కథకు మూలం కాబట్టి ముందే చెబుతున్నాను, తర్వాత దాచానని అనొద్దు.

ఆ ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ నాగూర్ మీరా. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఆసుపత్రి కట్టిన మహానుభావులు వైర్లన్నిటినీ గోడల మధ్య ఇటుకలతో కట్టిన సందుల్లోంచి లాగారు. అక్కడక్కడా చేయి పట్టేంత కన్నాలు వదిలారు. మొత్తం ముప్ఫై రెండు. ప్రతి కన్నం లోపలా మలుపులో వైర్ల జాయింట్లు ఉంటాయి. జాయింటు వదులైతే వేడెక్కుతుంది, వేడెక్కితే పైనున్న టేపు కాలుతుంది, ఆ తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కరెంటు ఆపితే జాయింటు చల్లబడిపోయి జబ్బు తెలియదు. అందుకని మీరా కరెంటు ఉండగానే కుడిచేతిని మోచేతి దాకా కన్నంలోకి దూర్చి, వేళ్ల వెనకవైపుతో జాయింట్లను తట్టి చూస్తాడు. అరచేత్తో తాకితే, ఖర్మ కాలి కరెంటు తగిలిందంటే, వేళ్లు ముడుచుకుపోయి ఆ వైరునే గట్టిగా పట్టుకుంటాయట. వెనకవైపుతో తాకితే చేయి దానంతటదే వెనక్కి గుంజుకుంటుందట. ఆ విద్య అతనికి నేర్పిన మేస్త్రి అలాగే చెప్పాడు. ఆ మేస్త్రికి రెండు వేళ్లు లేవు.

వేసవి మొదట్లో మీరా ఒక రంగు కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఇది చూడండి సాంబయ్య గారూ. కెమెరా అంట. పాము మాదిరి గొట్టం, కొసాన కన్ను, కంటి చుట్టూ దీపాలు. కన్నంలోకి తోస్తే లోపలున్నదంతా ఈ బుల్లి తెర మీద కనపడుద్ది. కాలిన టేపు, ఊడిన వైరు, అన్నీ. చెయ్యి పెట్టే పనుండదు."

"ఇన్నాళ్లూ పెడుతూనే ఉన్నావుగా?"

"పెడతానే ఉన్నానండీ. ఇప్పుడు పసిపిల్లల వార్డు కాడ కాలిన వాసనొస్తందని మార్తమ్మ సిస్టరు గారు రోజూ చెప్తన్నారు. మూడో కన్నంలోనో నాలుగో దాంట్లోనో తెలవట్లా. ఎతుకుతన్నా. ఎతికినన్నాళ్లూ పెట్టాలిగా. ముగ్గురు పిల్లలండీ నాకు. ఉన్నది ఈ చెయ్యి ఒక్కటే."

కొనాల్సిన కెమెరాకు ఏమేం ఉండాలో కూడా అతనే చెప్పాడు. గొట్టం చిటికెన వేలికన్నా సన్నంగా ఉండాలి. మూతి ఇనుముది కాకూడదు, రబ్బరు తొడుగు ఉండాలి. లేకపోతే లోపల వైరు తగిలి పట్టుకున్న వాణ్ణే కొడుతుంది. పక్కకు చూపించే చిన్న అద్దం ఉండాలి, ఎందుకంటే జాయింట్లు మర్యాదగా ఎదురుగా ఉండవు. ఈ మూడూ ఉంటే చాలన్నాడు. ఇంత తక్కువ మాటల్లో ఒక వస్తువు గురించి చెప్పడం మా ఆఫీసులో నేను ఎన్నడూ వినలేదు.

కొనుగోలు ఫారం తీశాను. గళ్లన్నీ చకచకా నింపాను. ఏడో గడి దగ్గర కలం ఆగింది. 'ప్రస్తుతము సదరు పనికి ఉపయోగించుచున్న పరికరము.'

"ఇప్పుడు దేంతో చూస్తున్నావు?" అని అడిగాను.

మీరా కుడిచేయి పైకెత్తి చూపించాడు. నేను ఇంకేమీ ఆలోచించకుండా 'ఎలక్ట్రీషియన్ కుడిచేయి - ఒకటి' అని రాసేశాను. గడి నిండింది. నాకు తృప్తిగా ఉంది.

పది రోజులకు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే మా ఈఈ, త్రివిక్రమరావు గారి నుంచి జవాబు వచ్చింది. 'పై విషయమై తెలియజేయునదేమనగా, సదరు కుడిచేయి ఏ సంవత్సరమున సేకరించబడినది, స్టాకు రిజిస్టరులో ఏ పుటయందు నమోదైనది, ప్రస్తుత స్థితి యేమి అను వివరములు లేనందున ప్రతిపాదన తిప్పి పంపడమైనది.'

ఈఈ గారి గదికి పరుగెత్తాను.

"సార్, అది వస్తువు కాదండీ. గడి ఖాళీగా ఉండకూడదని రాశానండీ."

"సాంబయ్యా, రాసింది నువ్వేనా?"

"నేనేనండీ."

"చేయి ఉన్నమాట నిజమేనా?"

"నిజమేనండీ."

"దాంతో ప్రభుత్వ పని జరుగుతోందా?"

"జరుగుతోందండీ."

"ప్రభుత్వ పనిలో ఉండి రిజిస్టరులో లేదంటే అది ఎంత పెద్ద లోపం! ఆడిట్ వాళ్ల కంట పడకముందే నా కంట పడింది, సంతోషించు. వెంటనే నమోదు చెయ్యి."

ఆయన చెడ్డవాడు కాదు. కోపం కూడా లేదు ఆయన గొంతులో. నిబంధనల పుస్తకం ఆయనకు అమ్మ చెప్పిన మాటలాంటిది. నేను కిందికొచ్చి రిజిస్టరు తెరిచి రాశాను. వరస సంఖ్య రెండు వందల పద్నాలుగు. వస్తువు: కుడిచేయి. రంగు: చామనఛాయ. విడిభాగములు: వేళ్లు ఐదు. సేకరించిన తేదీ: మీరా ఉద్యోగంలో చేరిన తేదీ. స్థితి: పని చేయుచున్నది. వస్తువు మీద సంఖ్య కనిపించాలని నియమం కనుక మీరా మణికట్టు మీద స్కెచ్ పెన్నుతో '214' అని రాశాం. రోజూ స్నానం చేశాక మళ్లీ రాయించుకోవాలని చెప్పాం.

"కెమెరా వస్తదిగా?" అన్నాడు మీరా.

"వస్తుంది," అన్నాను.

ప్రతిపాదన ముందుకు కదిలింది. కెమెరా ఎంపికకు కమిటీ వేశారు: ఈఈ గారు, స్టోర్సు అధికారి పానకాలు గారు, నేను. ఇద్దరు డీలర్లు నమూనాలు పట్టుకొచ్చారు. మొదటిది అచ్చం మీరా చెప్పినట్టే ఉంది. సన్న గొట్టం, రబ్బరు మూతి, పక్క అద్దం. రెండోదాని గొట్టం వంకాయంత లావు, మూతి తళతళలాడే స్టీలు.

పానకాలు గారు మొదటి కెమెరాను చేతిలోకి తీసుకుని, "కెమెరా అంటున్నారు కదా, కమిటీ ఫోటో ఒకటి తీయండి చూద్దాం," అన్నారు.

డీలరు కంగారుపడ్డాడు. "ఇది బెత్తెడు దూరంలో ఉన్నవాటికేనండీ. దూరానికి మసగ్గా వస్తుంది."

"అయితే మేమే దగ్గరికొస్తాం," అన్నారు ఈఈ గారు. ముగ్గురం తలలు చేర్చి గొట్టం కొస ముందు కూర్చున్నాం. తెర మీద ఈఈ గారి ముక్కు ఎడమ రంధ్రం, లోపలి వెంట్రుకలతో సహా, చాలా స్పష్టంగా వచ్చింది.

రెండో కెమెరాలో ముగ్గురమూ చక్కగా వచ్చాం. వెనక గోడ మీద క్యాలెండరు కూడా వచ్చింది. కమిటీ మనసు అటు మొగ్గింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మీరా, "సార్, ఆ స్టీలు మూతి వైరుకి తగిల్తే నేను పోతానండీ," అన్నాడు. కమిటీ సభ్యులు కాని వారి అభిప్రాయం నమోదు చేయరాదని పానకాలు గారు గుర్తు చేశారు.

అప్పుడు నేను రెండో డీలరు కాగితాలు తిరగేశాను. పద్దెనిమిదో గడి ఖాళీగా ఉంది. అందులో అడిగింది డీలరు తాతగారి ఊరి పేరో, అలాంటిదే ఏదో. ఖాళీ ఖాళీయే కదా. కాగితం ఈఈ గారి ముందు పెట్టాను. ఆయన అదిరిపడి ఆ కెమెరాను అవతలికి నెట్టేశారు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన ఒక్క మంచి పని ఇదే అనుకుంటాను.

అలా సరైన కెమెరానే ఎంపికైంది. కింద ఒక వాక్యం మాత్రం చేరింది: 'ప్రస్తుత పరికరము నిరుపయోగమైనట్లు ధ్రువీకరణకు లోబడి.'

అందుకు ఇంకో కమిటీ. అదే ముగ్గురం, పేరు వేరు. మీరాను పిలిచి బల్ల మీద చేయి పెట్టమన్నారు. వేళ్లు ముడవమన్నారు, చాపమన్నారు. బిగుసుకుపోయిన మందుసీసా మూత తీయించారు. సూదిలో దారం ఎక్కించమన్నారు. మీరా ఒక్క ప్రయత్నంలో ఎక్కించాడు. నేను కళ్లతోనే 'వద్దురా బాబూ' అన్నాను కానీ, పనివాడికి పని సరిగ్గా చేయకపోవడం చేతకాదు.

"పరికరం దివ్యంగా ఉంది," అన్నారు ఈఈ గారు. "దీన్ని పనికిరాదని ఎలా రాస్తాం?"

"పనికిరాకుండా పోయేలోపే కెమెరా కావాలని గదండీ అడిగేది!" అన్నాడు మీరా.

"తొందరపడకు. చెడిపోయాక రా. ఒక్క రోజులో సంతకం పెట్టేస్తాను."

చెప్పానుగా, ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే ఒక్క రోజులో పెట్టేవాడు.

మీరా తన పనికి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ రాసిన చేయి నాది, ఇరుక్కున్న చేయి అతనిది. మర్నాడు నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాను. నూట ఆరో పేజీలో దొరికింది. పరీక్షా పరికరాల సేవాకాలం పదేళ్లు. అది దాటినవి నడుస్తున్నా సరే, కాలం చెల్లినట్టే. మీరా చేతికి పంతొమ్మిదేళ్లు. నోట్ పెట్టాను. ఈఈ గారు చదివి, కుర్చీలోంచి లేచి నాకు కరచాలనం చేశారు. "ఇదయ్యా పద్ధతి!" అన్నారు. సదరు కుడిచేయి కాలం చెల్లినదిగా ఆ సాయంత్రమే ప్రకటించబడింది. మరుసటి వారంలో కెమెరా వచ్చింది.

వచ్చిన రోజే ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. 'కాలము చెల్లిన పరికరములను ప్రభుత్వ పనికి వాడుట నేరము. వాటిని ఎర్రగుడ్డ కట్టి స్టోర్సునందు అప్పగించవలెను. సదరు చేతిని ఎలక్ట్రీషియన్ నుండి వేరుపరచుట ప్రస్తుతమునకు సాధ్యపడనందున, డ్యూటీ సమయమంతయు జేబునందు భద్రపరచవలెను.'

"ప్రస్తుతమునకు అన్నారేందండీ?" అన్నాడు మీరా. అది వాడుక మాటేలే అని సర్దిచెప్పాను.

మణికట్టుకు ఎర్రగుడ్డ కట్టాం. మీరా హాజరుపట్టీలో ఎడమచేత్తో సంతకం పెట్టాడు. పాత సంతకంతో కలవలేదని ఒక మెమో వచ్చింది. ఆసుపత్రిలో స్క్రూడ్రైవరు ఎడమచేత్తో తిప్పబోయి కాలి మీద వేసుకున్నాడు. జేబులోంచి తీయని చేతిని చూసి మార్తమ్మ సిస్టరు పక్షవాతం అనుకుని, రోగుల మంచాల మధ్యే నిలబడి ప్రార్థన చేసింది. అసలు విషయం మీరా చెప్పాడు. ఆమె నమ్మలేదు, పక్షవాతం తలకు కూడా ఎక్కిందేమో అనుకుందట.

ఇక కెమెరా సంగతి. ఒక చేత్తో తెర పట్టుకోవాలి, ఇంకో చేత్తో గొట్టం తోయాలి. మీరాకు ఉన్నది ఒక్క చేయి. అందుకని రెండో చేయిగా నేను వెళ్లాను. ఇన్నేళ్లుగా ఆ ముప్ఫై రెండు కన్నాల గురించి వందల కాగితాలు రాశాను గానీ ఒక్క కన్నాన్నీ కళ్లతో చూసింది లేదు.

పసిపిల్లల వార్డు బయట, మూడో కన్నం. లోపల ఎక్కడో ఒక పసిగొంతు ఏడుస్తోంది. మీరా ఎడమచేత్తో గొట్టం కొద్దికొద్దిగా తోశాడు. నేను తెర పట్టుకున్నాను. ముందు సాలెగూడు, తర్వాత బల్లిగుడ్ల పెంకులు, తర్వాత మెత్తటి దుమ్ము. మలుపులో అద్దం పక్కకు చూపించింది. జాయింటు కనపడింది. టేపు కాలి రాలిపోయింది. బొటనవేలంత పొడవున రాగి తీగ బోసిగా మెరుస్తోంది.

దాని పక్కన దుమ్ములో ఏవో గుర్తులున్నాయి. నాలుగు. పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి పడీ పడీ ఇటుక నున్నగా అరిగింది. అవేమిటో నాకు వెంటనే అర్థం కాలేదు. మీరాకు అయింది.

"అయి నా వేళ్లే సాంబయ్య గారూ. రోజూ ఇక్కడే తట్టేవాణ్ణి. వేడి తగిలేది గానీ, పక్క జాయింటుది అనుకున్నా."

గుర్తులకీ రాగికీ మధ్య ఒక బియ్యపు గింజ పట్టేంత ఖాళీ ఉంది. అంతే. ఇన్నేళ్లూ ఆ మనిషి హాజరుకు టిక్కు పెట్టి, ఆ తర్వాత టీ తాగి, ఇంటికి పోయి నిశ్చింతగా నిద్రపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది. మీరా గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. జేబులోంచి కుడిచేయి తీసి, ఎడమచేత్తో పట్టుకుని, దాన్నే చూస్తున్నాడు. ఆ రోజు నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

గంటసేపు కరెంటు ఆపించి ఆ జాయింటు బాగుచేశాం. మార్తమ్మ సిస్టరు ఇద్దరికీ టీ తెచ్చి ఇచ్చింది. నేను ఆఫీసుకు వచ్చి, కెమెరా తీసిన ఆ కన్నం ఫోటో జతచేసి, కెమెరా వల్ల కలిగిన మేలు గురించి రెండు పేజీల నివేదిక రాశాను. ఇంత మనసు పెట్టి నేను ఏ కాగితమూ రాయలేదు. కెమెరా ఇంకో మూడు కొనాలని కూడా చివర చేర్చాను.

ఈఈ గారు భూతద్దం పెట్టి ఫోటో చూశారు. చాలాసేపు చూశారు. నన్ను పిలిపించారు.

"సాంబయ్యా, ఈ గుర్తులు సదరు చేతివేనా?"

"అవునండీ. చూడండి, ఎంత దగ్గరగా..."

"అదే చూస్తున్నాను. లోపం ఉన్న చోటికి రోజూ, ఏళ్ల తరబడి, గింజంత తేడాతో చేరింది. ఇంత ఖచ్చితమైన పరికరాన్ని మనం కాలం చెల్లిందని రాశాం! ఎంత పొరపాటు!"

"సార్, ఆ గింజంత తేడా లేకపోతే మనిషి పోయేవాడండీ."

"పోయాడా?"

"లేదండీ."

"మరి? ఇంతకంటే రుజువేం కావాలి?"

మూడు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'సదరు కుడిచేయి సంపూర్ణ సామర్థ్యముతో పనిచేయుచున్నట్లు శాఖ వారి స్వంత కెమెరా ద్వారానే రుజువైనది. కావున దానిని తక్షణమే విధులలోకి పునః ప్రవేశపెట్టడమైనది. ఒకే పనికి రెండు పరికరములు ఉండుట నిబంధనలకు విరుద్ధము కనుక కెమెరాను సీలు వేసి స్టోర్సు బీరువాయందు భద్రపరచవలెను.'

పానకాలు గారు లక్కతో సీలు వేశారు. నేను మీరా మణికట్టు మీది ఎర్రగుడ్డ విప్పాను. రసీదు మీద సంతకం పెట్టించుకున్నాను: 'కుడిచేయి ఒకటి, మంచి స్థితిలో, నాకు ముట్టినది.' కుడిచేత్తోనే పెట్టాడు. సంతకం పాతదానితో కలవలేదు. వంకరలు పోయింది.

అతనితో పాటు ఆసుపత్రికి వెళ్లాను. వెళ్లి చేసేదేమీ లేదు, ఊరికే ఉండలేకపోయాను. నాలుగో కన్నం ముందు మీరా చొక్కా చేయి మడిచాడు. చేయి కన్నం దాకా పోయింది. అంచు దగ్గర ఆగింది. వెనక్కి తీసి, అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ పెట్టబోయాడు. మళ్లీ ఆగింది.

"పోవట్లేదు సాంబయ్య గారూ. సూదిలో దారం ఎక్కించిన చెయ్యేనండీ ఇది. చూడకముందు బానే పోయేది. ఇప్పుడు పోవట్లా."

ఆ రోజు నుంచి మీరా కన్నాల్లో చేయి పెట్టలేదు. రోజూ పొద్దున్నే ముప్ఫై రెండు కన్నాల ముందు నుంచీ నడిచి, తనిఖీ పుస్తకంలో 'లోపము లేదు' అని రాస్తున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. కెమెరా తిరిగి ఇప్పించమని నాలుగు నోట్లు పెట్టాను, నాలుగూ తిరిగొచ్చాయి. పుస్తకం మాత్రం నెలనెలా పైకి వెళ్తోంది. కుడిచేయి విధుల్లో చేరాక కోనంపేట ఆసుపత్రిలో ఒక్క లోపమూ బయటపడలేదని ఈఈ గారు లెక్కతీసి మురిసిపోయారు. పోయిన సోమవారం ప్రశంసాపత్రం పంపారు. మీరాకు కాదు, చేతికి. అద్దాల చట్రం కట్టించి, రోగులందరికీ ధైర్యంగా ఉండేలా పసిపిల్లల వార్డు గోడకు తగిలించమన్నారు. మేకు దిగే చోటు వెతికితే నాలుగో కన్నం పైన దొరికింది. పటం కిందికి వేలాడి కన్నాన్ని పూర్తిగా కప్పేసింది. చూడటానికి బాగుందని అందరూ అన్నారు.

నిన్న మధ్యాహ్నం మార్తమ్మ సిస్టరు ఫోను చేసింది. "సాంబయ్య గారూ, ఆ పటం ఎనక నుంచి కాలిన వాసనొస్తందండీ. పిల్లల్ని అటుపక్క మంచాలకి మార్చాం. అద్దం మీద చెయ్యేసి చూశా, ఎచ్చగా ఉంది," అంది.

మీరా నా బల్ల ముందే ఉన్నాడు. సిస్టరు మాటలు అతనికీ వినిపించాయి. నేను ఫోను పెట్టేసి, స్టోర్సు తాళాల కోసం పానకాలు గారి గదికి వెళ్లాను. గది తాళం వేసి ఉంది. ఆయన సెలవులో ఉన్నారు. తిరిగొచ్చేసరికి మీరా పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ ముందుకు చాపి, ఒకదాని తర్వాత ఒకటి చూసుకున్నాడు.

"ఏ చెయ్యి పెట్టమంటారు సాంబయ్య గారూ?" అని అడిగాడు.